సిగ్నల్ కేబిన్ మోడల్: కిట్ కొనేముందు కిటికీ చూడండి

మోడల్ రైల్వే మొదలుపెట్టినవాళ్లు స్టేషన్ తర్వాత కట్టాలని ముచ్చటపడేది సిగ్నల్ కేబిన్. అరచేతిలో పట్టేంత చిన్నది, అయినా లేఅవుట్‌లో ఎక్కడ పెట్టినా కన్ను దానిమీదకే పోతుంది. కట్టేముందు మాత్రం అందరూ ఒకచోటే ఆగిపోతారు. ప్లాస్టిక్ కిట్టా, అట్ట కిట్టా, లేజర్‌తో కోసిన చెక్కా, కట్టి రంగువేసి అమ్మే రెడీమేడా? ఈ నాలుగు రకాలూ నేను కట్టాను, కొన్ని చెడగొట్టాను, కొన్ని ఇప్పటికీ అల్మారాలో అద్దం వెనక భద్రంగా ఉన్నాయి. ఇన్నేళ్లకు తేలింది ఒక్కటే: గోడలు చూసి కాదు, కిటికీలు చూసి కొనాలి.

ఎందుకో చెబుతాను. మన స్టేషన్లలో కేబిన్ అనేదాన్నే బ్రిటన్‌లో సిగ్నల్ బాక్స్ అంటారు. కింది గదిలో ఇంటర్‌లాకింగ్ ఉంటుంది. రైళ్లు ఢీకొనేలా ఏ రెండు లీవర్లూ ఒకేసారి కదలకుండా అది పట్టేస్తుంది. పాయింట్లనూ (రైలును ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్లించే కదిలే పట్టాలు) సిగ్నళ్లనూ కలిపి కదిపే ఏర్పాటుకు జాన్ సాక్స్‌బీ 1856లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన పెట్టిన సాక్స్‌బీ అండ్ ఫార్మర్ కంపెనీ తర్వాత కలకత్తాలో కూడా కార్ఖానా నడిపింది. పై గది లీవర్లు లాగి సిగ్నళ్లనూ పాయింట్లనూ కదిపే సిగ్నల్‌మన్‌ది. రైలు దాటిపోయేటప్పుడు చివరి పెట్టెకు తోక దీపం ఉందో లేదో అతను కళ్లారా చూడాలి. దీపం కనబడితేనే రైలు మొత్తం వచ్చిందని, మధ్యలో తెగి పెట్టెలు పట్టాలమీద ఉండిపోలేదని లెక్క. అందుకే ఆ గదికి గోడల బదులు అద్దాలు పెట్టారు. అంటే మనం కడుతున్నది ఒక దిమ్మమీద నిలబెట్టిన అద్దాల గది. ఆ అద్దాల మధ్య పట్టీలు మొద్దుగా ఉంటే మిగతా పని ఎంత నాణ్యంగా చేసినా బొమ్మ బొమ్మలాగే ఉంటుంది.

ఈ మాట నాకు తట్టింది ఓకమ్‌లో. ఇంగ్లండులో రట్లండ్ జిల్లాలోని ఆ చిన్న ఊరి స్టేషన్ పక్కన, లెవెల్ క్రాసింగ్‌ను ఆనుకుని, మిడ్‌లాండ్ రైల్వే 1899లో కట్టిన సిగ్నల్ బాక్స్ ఉంది. ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడంగా గుర్తించింది. ఎయిర్‌ఫిక్స్ తన ప్లాస్టిక్ కిట్‌కు నమూనాగా తీసుకున్నది ఈ బాక్స్‌నే. ఆ అచ్చులు తర్వాత డాపోల్ అనే కంపెనీ చేతికి వచ్చాయి, కిట్ ఇప్పటికీ డాపోల్ పేరుమీద దొరుకుతోంది. లెస్టర్‌లో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం రైలెక్కి వెళ్లాను. అంతకు నెల ముందే ఆ కిట్ కట్టి ఉన్నాను. గేటు పక్కన నిలబడి తల ఎత్తితే, నా బల్లమీది బొమ్మే రెండంతస్తుల ఎత్తున నిలబడి ఉంది! పైకప్పు వాలు అదే, మెట్లు అవే. కిటికీలు మాత్రం అవి కావు. నిజమైనదాంట్లో అద్దాల మధ్య చెక్క పట్టీలు గీతల్లా ఉన్నాయి, వాటి సందుల్లోంచి అటువైపు ఆకాశం కనబడుతోంది. నా బొమ్మలో ఆకాశం కనబడలేదు.

ముందు తలుపు కొలవండి

కిట్ ఏదైనా కొనేముందు మీ రైళ్ల స్కేలు చూసుకోండి. బ్రిటిష్ కిట్లలో ఎక్కువ భాగం ఓఓ స్కేలు, అంటే 1:76.2, అసలుదానిలో 76.2వ వంతు. మన దేశంలో ఎక్కువమంది నడిపేది హెచ్‌ఓ, అంటే 1:87. పట్టాల వెడల్పు రెండింటికీ 16.5 మి.మీ.యే కావడంతో రెండూ ఒకటేనని చాలామంది పొరబడతారు. ఓఓ భవనం హెచ్‌ఓ భవనంకంటే సుమారు 14 శాతం పెద్దది. అనుమానమొస్తే తలుపు కొలవండి. ఆరున్నర అడుగుల తలుపు ఓఓలో 26 మి.మీ., హెచ్‌ఓలో 23కి కాస్త తక్కువ, బ్రిటిష్ ఎన్ స్కేలులో (1:148) 13 మి.మీ. పైచిలుకు ఉండాలి. హెచ్‌ఓ లేఅవుట్‌లో ఓఓ కేబిన్ పెట్టాలనే ఉంటే పట్టాల పక్కనే కాకుండా కొంచెం ముందుకు, చూసేవాళ్ల వైపు పెట్టండి. దగ్గరున్న వస్తువు పెద్దగా కనబడడం సహజమే కాబట్టి తేడా పట్టుబడదు.

ఎంత పొడవుండాలి? లీవర్లు లెక్కపెట్టండి

ఇది చాలామంది వదిలేసే సంగతి. నిజమైన కేబిన్ పొడవు లోపలి లీవర్లను బట్టి వస్తుంది. చిన్న పల్లె స్టేషన్ పక్కన జంక్షన్ కేబిన్ పెడితే, తెలిసినవాళ్ల కంటికి కలుక్కుమంటుంది.

లెక్క సులువే. ఒంటి లైను మీద రెండు రైళ్లు దాటుకునే స్టేషన్ అనుకోండి. ఒక్కో దిక్కు నుంచి ముందే హెచ్చరించే డిస్టెంట్, స్టేషన్ ముందు ఆపే హోమ్, బయల్దేరనిచ్చే స్టార్టర్ అని మూడు సిగ్నళ్లు, మొత్తం ఆరు. రెండు చివర్ల పాయింట్లు రెండు, వాటిని బిగించే తాళాలు రెండు. గూడ్స్ సైడింగ్‌కు ఒక పాయింటు, నేలబారు సిగ్నళ్లు రెండు. పదమూడయ్యాయి. ఖాళీ లీవర్లు రెండు వేసుకుంటే పదిహేను. మిడ్‌లాండ్ రైల్వే వాళ్లు లీవర్లు బిగించే ఫ్రేములో లీవరుకూ లీవరుకూ మధ్య ఆరు అంగుళాలు. పదిహేను లీవర్లకు ఏడున్నర అడుగులు, ఓఓలో 30 మి.మీ. రెండు పక్కలా మనిషి తిరిగే చోటు, పొయ్యి, రిజిస్టరు బల్ల కలుపుకుంటే పదిహేను అడుగుల గది, అంటే ఓఓలో 60 మి.మీ. మిడ్‌లాండ్ వాళ్లు 10, 12, 15 అడుగుల పలకలు ముందే తయారుచేసి కేబిన్లు బిగించేవాళ్లు కాబట్టి ఆ కొలతలు పట్టుకుంటే పొరపాటు రాదు. ఇంకో కొసన ష్రూజ్‌బరీలో 1903లో కట్టిన సెవర్న్ బ్రిడ్జ్ జంక్షన్ బాక్స్ ఉంది. అందులో 180 లీవర్లు. ఓఓలో అది బారెడు బొమ్మ కాకపోయినా, మామూలు ఇంటి లేఅవుట్‌లో స్టేషన్‌నే మింగేస్తుంది.

మీ లేఅవుట్ కాగితమ్మీద గీసుకుని లీవర్లు లెక్కేశాకే కిట్ పెట్టె వెనక రాసిన కొలతలు చూడండి.

చెక్క కేబినా, ఇటుక కేబినా

కిట్ ఏ పదార్థంతో చేశారన్నదానికంటే ముందు తేల్చుకోవలసింది ఇది. ఓకమ్ లాంటి మిడ్‌లాండ్ కేబిన్ నేల నుంచి కప్పుదాకా చెక్క పలకలే. గ్రేట్ వెస్టర్న్ రైల్వే వాళ్లవి చాలావరకు కింద ఇటుక, పైన అద్దాలు. కట్టడంలో రెండూ ఒకటే కష్టం. రంగు దగ్గరే తేడా అంతా. చెక్క గోడకు రెండు పలచని పూతలు, పలకల సందుల్లోకి కొంచెం ముదురు నీళ్లరంగు, అంతే. ఇటుక గోడకు ఇటుకల మధ్య సున్నపు దర్జలు కనబడాలి, ఇటుకలన్నీ ఒకే రంగులో ఉండకూడదు, అక్కడక్కడ మసి ఉండాలి. మొదటిసారి కట్టేవాళ్లు చెక్క కేబిన్‌తో మొదలుపెట్టడం మంచిది. చేయి కుదిరాక ఇటుకకు వెళ్లండి.

ఏ కిట్

ప్లాస్టిక్‌లో డాపోల్ అమ్మే ఓకమ్ బాక్స్ అన్నిటికంటే చవక. పాత అచ్చులు కావడంతో ముక్కల అంచులకు పొర మిగిలి ఉంటుంది, గీకి సరిచేసుకోవాలి. కిటికీల పై మూలలు ఏటవాలుగా కత్తిరించినట్టు ఉండే మిడ్‌లాండ్ పోకడ అందులో చక్కగా పట్టారు. పట్టీలు మాత్రం మందం. అసలు కేబిన్‌లో ఒక అంగుళం పట్టీ ఓఓలో మిల్లీమీటరులో మూడో వంతు ఉండాలి. అచ్చుపోసిన ప్లాస్టిక్‌లో అంత సన్నం రావడం కష్టం. నేను రెండోసారి కట్టినప్పుడు పట్టీల వెనక అంచును సన్నని ఆకురాయితో ఏటవాలుగా అరగదీశాను. ముందునుంచి మందం తగ్గదు, పక్కనుంచి చూసినప్పుడు సగం అయినట్టు కనబడుతుంది. ఒక సాయంత్రం పని, దానికి తగ్గ ఫలితం.

పీకో కంపెనీ రేషియో పేరుతో అమ్మే కిట్లు ఇంకో మెట్టు పైన. ముక్కలు ముందే రంగు కలిపిన ప్లాస్టిక్‌తో వస్తాయి. రంగు వేయకుండానే నిలబెట్టొచ్చంటారు గానీ, వెలుతురు పడితే ప్లాస్టిక్ మెరుపు బయటపడుతుంది. పలచగా ఒక్క పూతైనా వేయండి. కేబిన్ లోపలి సామాను కిట్ రేషియోలోనే విడిగా దొరుకుతుంది. ప్లాస్టిక్ కొనదలిస్తే నా ఓటు దీనికే.

అట్ట కిట్లలో యార్క్‌షర్‌కు చెందిన మెట్‌కాఫ్ పేరున్నది. ఇటుకలు, రాళ్లు ముందే అచ్చువేసి, ముక్కలు కోసి వస్తాయి. షీటు నుంచి విడదీసి అతికించుకోవడమే. రంగు పని దాదాపు లేదు. పట్టీల సంగతికొస్తే, నేను కట్టినదాంట్లో పారదర్శక ఫిల్మ్ మీద అచ్చువేసిన గీతలున్నాయి. ప్లాస్టిక్‌కంటే సన్నమే, కానీ లోతు లేదు. మూడడుగుల దూరం నుంచి చూస్తే అట్ట కేబినే బాగుంటుంది. ఫొటో తీస్తే ప్లాస్టిక్ గెలుస్తుంది. అట్ట ముక్కల మూలల్లో కోసిన అంచు బూడిదరంగు బయటపడుతుంది. అతికించకముందే ఇటుకరంగు కలర్ పెన్సిల్‌తో ఆ అంచులు గీయడం మరవద్దు, తర్వాత చేయడానికి వీలుపడదు.

అట్టతో మన తీరప్రాంతాలవాళ్లకు ఇంకో చిక్కుంది. మొదటి అట్ట కేబిన్ నేను విశాఖలో జులై నెలలో కట్టాను. ఫెవికాల్ ధారాళంగా పూశాను. తెల్లారేసరికి వెనక గోడ విల్లులా వంగింది. జిగురులో నీరు ఒకవైపు అట్టను ఉబ్బించింది, గాలిలో తేమ ఆరనివ్వలేదు. ఇప్పుడు జిగురు అగ్గిపుల్ల కొనతో చుక్కలుగా పెడతాను, గోడ లోపలివైపు అడ్డంగా ఒక అట్ట పట్టీ వేస్తాను, ఆరేదాకా పుస్తకాల కింద ఉంచుతాను. గోడ రెండువైపులా పలచగా మ్యాట్ వార్నిష్ కొడితే తేమ పట్టదు. ఇంట్లో కాచిన మైదా జిగురు మాత్రం వద్దు, పురుగు పడుతుంది. ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టినా అచ్చురంగు వెలిసిపోతుంది.

స్కేల్‌సీన్స్ లాంటివాళ్లు ఫైలు రూపంలో అమ్మే కిట్లు ఇంకో దారి. ఒకసారి డబ్బు కడితే ఎన్నిసార్లైనా ప్రింటు తీసుకోవచ్చు. కస్టమ్స్ లేదు, పోస్టు ఎదురుచూపు లేదు, కోత తప్పితే ఇంకో కాగితం. నేర్చుకోవడానికి ఇంతకు మించినది లేదు. ప్రింటు ఇచ్చేటప్పుడు పేజీకి సరిపెట్టే ఆప్షన్ తీసేసి నూరు శాతం అని పెట్టండి, లేకపోతే కొలతలన్నీ కొద్దికొద్దిగా కుంచించుకుపోతాయి. ఇంక్‌జెట్ ప్రింటు తడి వేలు తగిలితే కారుతుంది, లేజర్ ప్రింటు మడతల దగ్గర పొర లేస్తుంది. నేను లేజర్ ప్రింటే ఎంచుకుని, మడతల మీద పెన్సిల్ రంగు రుద్దుతాను.

లేజర్ కటింగ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఇప్పుడిది చేతికందే పని. నేమ్‌బోర్డులు, పెళ్లి బహుమతులు కోసే దుకాణాల్లో 2 మి.మీ. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక), పలచటి అక్రిలిక్ కోసిస్తారు. గీత మీరు ఫైలుగా ఇస్తే చాలు. మన దక్షిణ మధ్య రైల్వే స్టేషన్లలో చూసిన ఇటుక కేబిన్ కావాలంటే మార్కెట్లో కిట్ వెతుక్కోవడంకంటే ఇదే మేలు. కిటికీ చట్రాలు మాత్రం ఎమ్‌డీఎఫ్‌లో కోయించొద్దు, మిల్లీమీటరు కంటే సన్నమైతే కాలి విరిగిపోతాయి. మందమైన డ్రాయింగ్ కాగితంలో కోయించండి. కాగితంలో అర మిల్లీమీటరు పట్టీ కూడా నిలుస్తుంది. ఈ పద్ధతిలో నాకు వచ్చినంత చక్కటి కిటికీలు ఏ కిట్‌లోనూ రాలేదు. కోసిన అంచు మసి గీకి, సాండింగ్ సీలర్ ఒక పూత వేశాకే రంగు వేయాలి. లేకపోతే ఎమ్‌డీఎఫ్ రంగు తాగేస్తుంది.

కట్టి, రంగువేసి అమ్మే రెజిన్ కేబిన్లు హార్న్‌బీ స్కేల్‌డేల్, బాక్‌మన్ సీన్‌క్రాఫ్ట్ పేర్లతో వచ్చాయి. బరువుగా, గట్టిగా ఉంటాయి. కట్టే సరదా లేనివాళ్లకు మంచివే, ధర కిట్‌కు ఎన్నో రెట్లు. త్రీడీ ప్రింటు సొంత మెషీను ఉన్నవాళ్లకే. పొరల గీతలు చెక్క పలకల గోడమీద వెంటనే కనబడతాయి.

అతికించే వరస

గోడలు నాలుగూ నిలబెట్టి ఆ తర్వాత కిటికీలకు రంగు వేయబోతే బ్రష్ లోపలికి వెళ్లదు. కిటికీలు ముక్కలుగా ఉండగానే రంగు వేయండి, ఆరాక అద్దం అతికించండి, ఆ తర్వాతే గోడలో కూర్చోబెట్టండి. కప్పును అతికించనే వద్దు. లోపల ఏదైనా ఊడినా, దీపం మార్చాలన్నా ఎత్తడానికి వీలుగా ఊరికే పైన కూర్చోనివ్వండి.

ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్‌కు అతికించడానికి టమీయా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పలచటి సిమెంటు మేలు. రెండు ముక్కలూ దగ్గరపెట్టి సందులో బ్రష్ ఆనిస్తే చాలు, అదే పాకుతుంది. విదేశాల నుంచి కిట్ తెప్పించినా ఈ సిమెంట్లూ స్ప్రే డబ్బాలూ విమానం పోస్టులో రావు, ఇక్కడే కొనుక్కోవాలి. కిటికీ తెరిచి పనిచేయండి, ఆవిరి మంచిది కాదు.

అద్దాలకు ఫెవిక్విక్ మాత్రం ముట్టుకోవద్దు. ఒక రాత్రి కేబిన్ పూర్తిచేసి, చివరి అద్దం ఊడితే ఒక్క చుక్క పెట్టి కప్పు మూసి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే ఆరు కిటికీలూ పొగమంచు పట్టినట్టు తెల్లబారి ఉన్నాయి. ఆ జిగురు ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద పేరుకుంటుంది, మూసిన గదిలో మరీ ఎక్కువ. తుడిస్తే పోలేదు. నాలుగు రోజుల పని మళ్లీ చేయాల్సి వచ్చింది. అద్దాలకు ఫెవికాలే, అదీ గుండుసూది మొనతో. ఆరితే పారదర్శకంగా అయిపోతుంది.

ఏ రంగు, ఏ పద్ధతి

ఎనామెలా, అక్రిలిక్కా? హంబ్రోల్ ఎనామెల్ సాఫీగా పరుచుకుంటుంది, బ్రష్ గీతలు కనబడవు. రెండో పూతకు ఆరేసి గంటలు ఆగాలి, బ్రష్ టర్పెంటైన్‌లో కడగాలి, ఇల్లంతా వాసన. అక్రిలిక్ నీళ్లతో పోతుంది, అరగంటలో రెండో పూత వేయొచ్చు. మన ఎండాకాలంలో అదే దాని లోపం కూడా. వల్లెహో అక్రిలిక్ రంగు పళ్లెంలోనే తోలుకడుతుంది. తడి స్పాంజి మీద బటర్‌పేపర్ పరిచి దానిమీద రంగు కలుపుకుంటే గంటసేపు పచ్చిగా ఉంటుంది. చెక్క గోడలకు నేను ఎనామెల్, ఇటుకలకూ మిగతా అన్నిటికీ అక్రిలిక్ వాడతాను. చేతిపనుల దుకాణాల్లో దొరికే ఫెవిక్రిల్ కూడా పనికొస్తుంది, నీళ్లు కలిపి పలచన చేసి, ముందు ప్రైమర్ వేసిన ప్లాస్టిక్ మీద మాత్రమే. ఉత్త ప్లాస్టిక్ మీద గోరు తగిలితే లేచిపోతుంది.

ప్రైమర్‌కు కార్ల షాపులో దొరికే బూడిదరంగు స్ప్రే వాడొచ్చు, అడుగు దూరం నుంచి దుమ్ము పడినట్టు పలచగా. దగ్గరగా తడిసేలా కొడితే అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ముందు కిట్ చట్రం ముక్కమీద కొట్టి చూడండి. ముసురు పట్టిన రోజున స్ప్రే జోలికి పోవద్దు. తేమ పొరలో చిక్కుకుని మ్యాట్ వార్నిష్ తెల్లగా పూస్తుంది.

ఇటుకలకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది, గోడంతా ఇటుకరంగు వేసి, ఆరాక పాలిపోయిన బూడిదరంగును నీళ్లపాలులా పలచన చేసి పోసి, పైపైన గుడ్డతో తుడవడం. రంగు దర్జల్లోనే నిలిచిపోతుంది. రెండోది, గోడంతా ముందు సున్నపురంగు వేసి, దాదాపు పొడిగా తుడిచిన బ్రష్‌తో ఇటుకల నెత్తిమీద మాత్రమే ఎరుపు తగిలించడం. ఓఓలో ఒక ఇటుక వరుస ఒక మిల్లీమీటరు, ఎన్‌లో అర. ఎన్ స్కేలుకు మొదటి పద్ధతే సాగుతుంది. ఓఓకు నేను రెండోదాన్నే ఇష్టపడతాను, దర్జ శుభ్రంగా వస్తుంది. ఏ పద్ధతైనా చివర్లో మూడు రకాల కలర్ పెన్సిళ్లు తీసుకుని, ఒకటి ముదురు గోధుమ, ఒకటి నారింజ, ఒకటి ఊదా కలిసిన బూడిద, పది ఇటుకలకు ఒకటి చొప్పున వరస లేకుండా రుద్దండి. గోడకు ప్రాణం వచ్చేది అప్పుడే. పది నిమిషాల పని, కిట్ ధరకు సంబంధమే లేదు.

కంపెనీల రంగులు కాలాన్నిబట్టి మారాయి. గ్రేట్ వెస్టర్న్ వాళ్లది ముదురు, లేత రాతిరంగులు. సదరన్ ఆకుపచ్చ, మీగడరంగు. 1948లో బ్రిటిష్ రైల్వేలన్నీ జాతీయమయ్యాక ఒక్కో రీజియన్‌కు ఒక్కో పేరుబోర్డు రంగు వచ్చింది: వెస్టర్న్‌కు చాక్లెట్, లండన్ మిడ్‌లాండ్‌కు మెరూన్, సదరన్‌కు ఆకుపచ్చ, ఈస్టర్న్‌కు ముదురు నీలం, నార్త్ ఈస్టర్న్‌కు నారింజ, స్కాటిష్‌కు లేత నీలం. మీ ఇంజన్ల కాలం ఏదో చూసుకుని కేబిన్‌కు అదే కాలం రంగు వేయండి. కిటికీ చట్రాలకు డబ్బాలోంచి తీసిన తెలుపు అలాగే వేయకండి, చిన్న బొమ్మమీద అది కళ్లు చెదిరేలా ఉంటుంది. చుక్క మీగడరంగు కలపండి. నలుపు బదులు కూడా ముదురు బూడిదే వాడండి.

లోపలి గది

కిటికీలు బాగా వచ్చాయంటే లోపల ఏముందో కనబడుతుంది, ఖాళీ గది వెంటనే పట్టుబడుతుంది. కిట్ కొనకపోయినా లీవర్లు స్టేప్లర్ పిన్నులతో చేసుకోవచ్చు. పిన్ను తిన్నగా సాగదీసి, నేలపైన 15 మి.మీ. నిలిచేలా కత్తిరించి, రెండేసి మిల్లీమీటర్ల దూరంలో అట్ట పట్టీలో గుచ్చండి. రంగుల్లో లెక్క తప్పొద్దు: ఆపే సిగ్నళ్లకు ఎరుపు, డిస్టెంట్‌కు పసుపు, పాయింట్లకు నలుపు, పాయింటు తాళాలకు నీలం, గేటు తాళానికి గోధుమ, ఖాళీవాటికి తెలుపు. రంగు వేసేటప్పుడు పైన రెండు మిల్లీమీటర్లు అలాగే వదిలేయండి. నిజమైన లీవరు పిడి మెరుగుపెట్టిన ఉక్కు. పిన్ను లోహం అచ్చం అలాగే మెరుస్తుంది. లీవర్ల ఎదురుగా ఒక అర, దానిమీద పక్క కేబిన్‌తో రైళ్ల సంగతి చెప్పుకునే బ్లాక్ పరికరాలకు చిన్న చెక్కరంగు పెట్టెలు, పక్కన రిజిస్టరు బల్ల, వెనకగోడకు పొయ్యి. దీపం పెట్టేట్టయితే పసుపుపచ్చ ఎల్‌ఈడీ ఒక్కటి చాలు, రెసిస్టర్ ఎక్కువది వేసి బాగా తగ్గించండి. బయటి చీకటి చూడాల్సిన మనిషి గదిలో వెలుతురు తక్కువే ఉంచుకుంటాడు.

ఎవరికి ఏది

మొదటి మోడలైతే, ఇంట్లో ప్రింటు తీసుకునే అట్ట కిట్‌తో చేయి తిప్పుకుని, వెంటనే డాపోల్ ఓకమ్ బాక్స్ కట్టండి. నేర్చుకోవలసినవన్నీ ఆ రెండింట్లో వచ్చేస్తాయి. రంగుల ఓపిక లేక త్వరగా లేఅవుట్ నిండాలనుకుంటే మెట్‌కాఫ్; కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వైపువాళ్లు ఆ పనిని జనవరి నుంచి మార్చిలోపు పెట్టుకోండి. దగ్గరినుంచి ఫొటోలు తీసే అలవాటున్నవాళ్లకు రేషియో, దానితోపాటు లోపలి సామాను కిట్. చిన్నప్పుడు చూసిన మన ఊరి కేబినే కావాలనుకునేవాళ్లు డబ్బు కిట్‌మీద పెట్టకుండా లేజర్ దుకాణానికి వెళ్లండి. ఆ కేబిన్ ఇంకా నిలబడి ఉంటే ముందు వెళ్లి, అనుమతి అడిగి, తలుపు ఎత్తు, కిటికీ వెడల్పు, ఇటుక వరుసల లెక్క రాసుకుని రండి. లీవర్ల బదులు ప్యానెల్, ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చాక చాలాచోట్ల అవి ఇప్పటికే లేవు. లండన్ దగ్గరున్న తెలుగువాళ్లు సెయింట్ ఆల్బన్స్ సౌత్ బాక్స్ చూసి రావచ్చు. మిడ్‌లాండ్ రైల్వే 1892లో కట్టినది, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు బాగుచేసి జనానికి చూపిస్తున్నారు. లీవరు దగ్గరకు వెళితే చేతికి ఒక గుడ్డ ఇస్తారు. చెమట తగిలి ఉక్కు పిడి తుప్పు పట్టకుండా సిగ్నల్‌మన్లు ఎప్పుడూ గుడ్డతోనే లీవరు పట్టుకునేవాళ్లు. నా కేబిన్లలో ఒక లీవరుకు తెల్లటి టిష్యూ కాగితం ముక్క, మూడు మిల్లీమీటర్లది, వేలాడుతూ ఉంటుంది.